తెరిచి ఉంచిన పేజీ

ఆ పొద్దున ఆకాశంలో మబ్బులు రెండు వరసల్లో నడుస్తున్నాయి. కింది వరస తూర్పుకి, పై వరస పడమరకి. ఎటు పోవాలో తేలని వెలుతురు మధ్యలో ఇరుక్కుపోయింది. ఇలాంటి రోజున నీడలు పడవు. నీడ పడని రోజు నాకు నచ్చదు. మనిషి ఎక్కడ నిలబడ్డాడో సరిగ్గా తెలియదు.

తలుపు కొట్టింది ఒకావిడ. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతోంది. చూపుడువేలి కొసన సూది గుచ్చుకున్న చుక్కలు. మిషను మీద నుంచి లేచినట్టే లేచి వచ్చేసింది.

"డిటెక్టివ్ మీరేనా?"

"నేనే."

"బోర్డు లేదేం?"

"అవసరమైనవాళ్ళు వెతుక్కుంటారు."

"అయితే వెతుక్కున్నాను." కుర్చీ నేను చూపించకముందే లాక్కుని కూర్చుంది. "మా ఆడపడుచుని ఇవాళ పట్టుకుపోతారట. ఆపాలి మీరు."

ఆవిడ చెప్పిన వరసలో చెబితే కథ తెమలదు. కుట్టుపని చేసేవాళ్ళు ముక్కలు ముందు కోసి తర్వాత కలుపుతారు. కలిపాక తేలింది ఇది.

ఊరి బయట పశువుల దాణా ఫ్యాక్టరీ ఉంది. ఆవిడ భర్త అక్కడ కాటా గుమాస్తా. లోడు లారీని తూచి గేటు దాటించేది అతనే. అతని చెల్లెలు, ఇంటా బయటా అందరికీ చిట్టే, అక్కడే ల్యాబ్‌లో దాణా పరీక్షిస్తుంది. మొన్న వెళ్ళిన ఒక లోడులో యూరియా మోతాదు మించి కలిసింది. అది తిన్న పాడి పశువులు సగానికి పైగా తెల్లారేసరికి పాకలో కాళ్ళు చాపేశాయి. యూరియా ఎక్కువైతే ఏమవుతుందో నేను చూశాను. ముందు వణుకు. తర్వాత పొట్ట ఉబ్బు. తర్వాత ఒక అరుపు. అట్టే సేపు పట్టదు.

ఆ లాటుని, అంటే ఒకేసారి కలిపిన ఆ సరుకుని, లారీ కదలకముందే ల్యాబ్ పెద్ద రెండోసారి పరీక్షించి ఫెయిల్ చేశాడు. ఫ్యాక్టరీ లెక్కంతా ఒక వెబ్ అప్లికేషన్‌లో నడుస్తుంది. ఫెయిల్ అని ఆయన అందులో ఎక్కించిన కాసేపటికే అది పాస్‌గా మారింది. లారీ వెళ్ళిపోయింది. మార్చింది చిట్టి అని ఆ అప్లికేషనే చెబుతోంది.

"పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?" అన్నాను.

"పాస్‌వర్డ్ కాదండీ. బొటనవేలు పెడితేనే తెరుచుకుంటుంది. వేలు ఎవరికిస్తుంది?"

"ఆమె చేయలేదని మీకెలా తెలుసు?"

ఆవిడ టేపు కొసని వేలికి చుట్టుకుంది. "మా ఇద్దరికీ పడదండీ. రోజుకొక గొడవ. నేను గెలుస్తా. ఎందుకంటే ఆ పిల్లకి అబద్ధం ఆడటం రాదు. మొహం మీదే తెలిసిపోతుంది. అది వచ్చుంటే ఏనాడో నన్ను ఇంట్లోంచి తరిమేసేది."

సాక్ష్యం చెప్పే మనుషుల్లో ఇంత నిజాయితీ అరుదు. నేను చెప్పులు తొడుక్కున్నాను.

"మీవారు ఏమంటారు?"

"ఏమీ అనరు. మొన్నటి నుంచీ అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. చెల్లెలంటే ప్రాణం ఆయనకి." గుమ్మం దగ్గర ఆగింది. "మధ్యాహ్నం మా ఇంట్లోనే భోంచేయాలి అన్నయ్యా. సంగతేదైనా అప్పుడే చెప్పాలి."

*

ల్యాబ్‌లో నాకంటే ముందు ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. కంప్యూటర్ కేసులు చూసే ఇన్‌స్పెక్టర్. ఇంతకుముందు రెండుసార్లు ఎదురుపడ్డాం. ఒకసారి ఆయన గెలిచాడు, ఒకసారి నేను. రెండూ ఆయనకే బాగా గుర్తు.

"రండి పెద్దాయనా. బండి మిస్సయ్యారు. కేసు అయిపోయింది."

"అయిపోతే మీరింకా ఇక్కడున్నారేం?"

"సంతకం బాకీ." చేతిలో పెన్ను టిక్కుమనిపించాడు. ఆలోచించేటప్పుడు ఆయన పెన్ను నొక్కుతూనే ఉంటాడు. ఆగితే జాగ్రత్తపడాలి.

కాగితం ఒకటి నా ముందుకి తోశాడు. ప్రింటు తీసింది. ఒకటే వరస. యూజర్, చిట్టి. గది, ల్యాబ్. ఫలితం అన్న గడిలో పాత విలువ ఫెయిల్, కొత్త విలువ పాస్. సమయం పదకొండు ఇరవై. ల్యాబ్ పెద్ద ఫెయిల్ ఎక్కించింది పదకొండు అయిదుకి.

"పేరుంది, టైముంది, మెషినుంది, వేలుంది," అన్నాడు. "ఇంకేం కావాలి మీకు? ఆవుల వాంగ్మూలమా?"

"ఈ కాగితం ఎవరిచ్చారు?"

"డిస్పాచ్ మేనేజరు. మేం అడక్కముందే ప్రింటు తీసి పెట్టాడు. అందరూ అంత సహకరిస్తే మా ఉద్యోగాలు హాయి."

అడక్కముందే. ఆ మాటని జేబులో వేసుకున్నాను.

చిట్టి గది మూలన స్టూలు మీద కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. తెల్లకోటు బొత్తాలు పైనుంచి కిందదాకా పెట్టుకుంది, ఒక్కటి వదలకుండా. బల్ల మీద నమూనా పొట్లాలు అంచు అంచుకి తాకేలా పేర్చి ఉన్నాయి. పద్ధతి గల మనిషి. ఏడవలేదు. ఏడవకుండా ఉండటానికి దవడ బిగించింది.

"నేను ఫలితం గడి ముట్టుకోలేదండీ," అంది నేను అడగకుండానే.

"పదకొండు ఇరవైకి ఏం చేస్తున్నారు?"

"ఇక్కడే ఉన్నా. ఆ లాటు పేజీలో సేవ్ కొట్టాను. అది నిజమే."

ఇన్‌స్పెక్టర్ చేతులు విప్పాడు. "విన్నారా? నేను చెబితే నమ్మరు."

"సేవ్ ఎందుకు కొట్టారమ్మా?"

"లారీ నంబరు తప్పుంది. చివరి అంకె. సరిచేశా."

"తప్పని ఎవరు చెప్పారు?"

చూపు నా మీద నుంచి తీసి పొట్లాల మీద పెట్టింది. "నేనే చూశా."

వాళ్ళ వదిన చెప్పింది నిజం. ఈ అమ్మాయికి అబద్ధం రాదు.

 కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తెర పైఅంచున చిన్న చిన్న ట్యాబులు, పళ్ళవరసలా. ఒక్కో ట్యాబు ఒక్కో లాటు పేజీ.

"ఇవన్నీ ఎప్పుడు తెరుస్తారు?"

"పొద్దున్నే. రాగానే. ఆఫీసు గదులన్నీ నిండాక నెట్టు నత్తనడక నడుస్తుంది. ఒక్క పేజీ తెరుచుకునేసరికి టీ చల్లారిపోతుంది. అందుకని ఆ రోజు లాట్లన్నీ ముందే తెరిచి పెట్టుకుంటా. పని వచ్చినప్పుడు ఆ ట్యాబులోకి వెళ్ళి నింపి సేవ్ కొడతా."

"మొన్న ఆ లాటు పేజీ ఎప్పుడు తెరిచారు?"

"తొమ్మిది లోపే. మొదటి పరీక్ష ముందురోజే నేను చేశా. పాస్ అయింది. పేజీ తెరిచేసరికి పాస్ అనే ఉంది."

"మీ ల్యాబ్ పెద్ద రెండో పరీక్ష చేసి ఫెయిల్ చేశాడని తెలుసా?"

"తెలీదు. ఆయన తన గదిలోంచి ఎక్కిస్తారు. నాకు సాయంత్రం రిపోర్టు వస్తుంది." ఒక పొట్లం అంచు సరిచేసింది. "అప్పటికి లారీ వెళ్ళిపోయింది."

ఇన్‌స్పెక్టర్ పెన్ను టిక్కుమంది. "కథ బాగుంది. తెలియకుండానే ఫెయిల్‌ని పాస్ చేసింది. గాలికి నొక్కుకుపోయిందేమో మరి."

"ఈ అప్లికేషన్ రాసినాయన ఎక్కడ?" అన్నాను.

*

రాసినాయన పక్క భవనంలోనే ఉంటాడు. బుగ్గల దాకా గడ్డం. ఫ్యాక్టరీలో అందరూ గడ్డం గారనే పిలుస్తారు, ఆయన పలుకుతాడు. పిలిపిస్తే విసుక్కుంటూ వచ్చాడు.

"లాగ్ తప్పు చెప్పదండీ," అన్నాడు నేను నోరు తెరవకముందే. "నేను రాసిన లాగ్. ప్రతి గడీ, ప్రతి మార్పూ, ఎవరు, ఎప్పుడు, ఏ మెషిన్, అన్నీ పడతాయి."

"అన్నీ పడితే ఈ కాగితంలో ఒక్కటే ఉందేం?"

చేతిలోకి తీసుకుని చూశాడు. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. "ఇది వడపోసి తీసింది. ఫలితం గడి ఒక్కటే కావాలని ఎంచుకుని తీశారు. మొత్తం తీస్తే వేరేగా ఉంటుంది."

"తీయండి."

తీశాడు. అదే క్షణం, అదే సేవ్, రెండు మార్పులు. ఒకటి ఫెయిల్ నుంచి పాస్. దాని కిందే ఇంకొకటి. లారీ నంబరు, 4471 నుంచి 4477.

చిట్టి స్టూలు మీద నుంచి లేచింది. "చెప్పానుగా!"

"చెప్పావమ్మా, విన్నాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పెద్ద దొంగతనం పక్కన చిన్న పని చేస్తే అదొక ముసుగు."

"ముసుగు వేసుకునేవాళ్ళు సొంత బొటనవేలు పెట్టి వేసుకోరు," అన్నాను. గడ్డం గారి వైపు తిరిగాను. "మీరు ఒక పని చేసి చూపించాలి. ఏదైనా ఉత్తుత్తి లాటు తెరవండి. ఈ అమ్మాయి తన కంప్యూటర్లో ఆ పేజీ తెరుస్తుంది. తెరిచి వదిలేస్తుంది. మీరు మీ లాప్‌టాప్‌లోంచి దాన్ని ఫెయిల్ చేయండి. తర్వాత ఆమె తన పాత పేజీలో లారీ నంబరు మాత్రం మార్చి సేవ్ కొడుతుంది."

"ఏమవుతుంది? ఏమీ కాదు. లారీ నంబరు ఒక్కటే..."

మాట పూర్తి చేయలేదు. రాసినవాడు కదా, నాకంటే ముందే లోపల చూసుకున్నట్టున్నాడు. గడ్డంలో వేళ్ళు దూర్చి ఆగిపోయాడు.

"చేయండి," అన్నాను.

చేశారు. చిట్టి తెర మీద ఆ ఉత్తుత్తి లాటు పాస్ అనే ఉంది. గడ్డం గారు ఫెయిల్ చేసినా ఆమె తెర కదల్లేదు. తెరిచినప్పటి మొహమే చూపిస్తోంది. ఆమె లారీ నంబరులో ఒక అంకె మార్చింది. సేవ్ నొక్కింది. 

గడ్డం గారు లాగ్ తీశాడు. యూజర్, చిట్టి. ఫలితం, ఫెయిల్ నుంచి పాస్.

ఇన్‌స్పెక్టర్ తెర దగ్గరికి వంగి ఆ వరస మళ్ళీ చదివాడు.

"పేజీ మొత్తం వెళ్తుందండీ," అన్నాడు గడ్డం గారు నేల చూస్తూ. "సేవ్ కొడితే మార్చిన గడి ఒక్కటే కాదు, తెర మీదున్నవన్నీ వెళ్తాయి. మధ్యలో ఇంకొకరు మార్చారా అని నేను చూడలేదు. పాత పేజీ కొత్తదాని మీద పడిపోతుంది. లాగ్ ఏమో చివరన సేవ్ కొట్టినవాళ్ళ పేరు రాసుకుంటుంది."

"అంటే మొన్న ఈమె మార్చలేదు. ఈమె పేజీ మార్చింది."

"అంతే."

"ఇలా అవుతోందని ఇంతకుముందు ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"ఒక్కరు కూడా చేయలేదు. చేసుంటే ఒక పూటలో బాగుచేసేవాణ్ణి."

ఇన్‌స్పెక్టర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఓడిపోయిన మొహం కాదది. లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకుంటున్న మొహం.

"సరే పెద్దాయనా. ఒప్పుకుంటున్నా. కావాలని చేయలేదు, నిర్లక్ష్యం. సెక్షన్ మారుతుంది, మనిషి మారదు. పశువులు చచ్చాయి. సేవ్ కొట్టిన వేలు ఈమెదే. ఎవరో ఒకరు జవాబు చెప్పాలిగా?"

"చెప్పాలి. ఆ కిటికీ దగ్గరికి ఒకసారి రండి."

వచ్చాడు. కిటికీ అవతల బాయిలర్ గోడ. మసిబారిన ఇటుకలు, ఒక గొట్టం. అంతే.

"ఇక్కణ్ణించి కాటా కనిపిస్తుందా? లారీ కనిపిస్తుందా?"

"లేదు."

"మరి లారీ నంబరు తప్పని తనే చూశానంటోంది."

ఇద్దరం వెనక్కి తిరిగాం. చిట్టి తెల్లకోటు పై బొత్తం తీస్తోంది, మళ్ళీ పెడుతోంది.

"ఫోను వచ్చిందా అమ్మా?" ఇన్‌స్పెక్టర్ గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

"లేదు."

"లోపలి ఫోను," అన్నాడు గడ్డం గారు గోడకున్నదాన్ని చూపిస్తూ. "దాని కాల్స్ ఎక్కడా నమోదు కావు."

"రెండింటి దాకా టైమిస్తా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నాతో. "ఈమె ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు. రెండింటికి మా జీపు వాళ్ళ ఇంటి ముందు ఉంటుంది. ఇంకో పేరు మీ దగ్గరుంటే ఆ పేరు తీసుకెళ్తా. లేకపోతే ఈమె పేరే."

"తొందరెక్కువ మీకు."

"ఆలస్యమెక్కువ మీకు. అందుకే ఇద్దరికీ చెరో కేసు పోయింది."

ఆయన వెళ్ళాక చిట్టిని ఒక్క ప్రశ్న అడిగాను.

"ఇలా పాత పేజీ కొత్తదాని మీద పడటం, ఇంతకుముందు మీకు ఎప్పుడైనా జరిగిందా?"

ఆలోచించింది. "ఒకసారి. పోయిన నెలలో. తేమ శాతం ఎక్కించి ఉంది, నేను సంచుల లెక్క మారిస్తే తేమ మళ్ళీ పాతదే అయింది. నా పొరపాటేమో అనుకుని దిద్దేశా. ఇప్పుడు అర్థమవుతోంది."

"ఎవరికి చెప్పారు?"

"ఆఫీసులో చెబితే నన్నే తిడతారని చెప్పలేదు. ఇంట్లో చెప్పా. అన్నం తింటూ." చిన్నగా నవ్వబోయింది. "వదిన ఆట పట్టించింది, నీ కంప్యూటర్‌కి కూడా నీలాగే పాత సంగతులు మరుపు రావని."

నేను నవ్వలేదు.

*

ఆ లారీని పోలీసులు వెనక్కి తెప్పించి ఫ్యాక్టరీ ఆవరణలోనే పెట్టించారు. కాటా గదికి కూతవేటు దూరం. చుట్టూ పసుపు రిబ్బను. నేను రిబ్బను దాటలేదు. దాటక్కర్లేదు. నంబరు ప్లేటు తెల్లగా కడిగినట్టుంది. ముందు ఒకసారి చూశాను. వెనక్కి నడిచి వెనక ప్లేటు చూశాను. తలుపు మీద రంగుతో రాసింది కూడా చూశాను. మూడూ ఒకటే చెప్పాయి.

4471.

తప్పున్న నంబరుని చిట్టి సరిచేయలేదు. సరిగ్గా ఉన్న నంబరుని తప్పు చేసింది. తప్పు చేయమని ఎవరో చెప్పారు. నంబరు ఏదైనా ఆ మనిషికి ఒకటే. కావలసింది ఆ పాత పేజీలో ఆమె సేవ్ నొక్కడం.

అలా కోరుకోవాలంటే మూడు తెలియాలి. లాటు ఫెయిల్ అయిందని వెంటనే తెలియాలి. చిట్టి ట్యాబులు పొద్దున్నుంచీ తెరిచి ఉంటాయని తెలియాలి. పాత పేజీ కొత్తదాన్ని తినేస్తుందని తెలియాలి. మూడోది ఆ రాసినాయనకే తెలియదు.

కాటా గది అద్దంలోంచి లోపలికి చూశాను. కుర్చీ ఖాళీ. భోజనానికి వెళ్ళినట్టున్నాడు. తెర మీద ఇవాళ్టి లాట్లు ఆకుపచ్చగా, ఒకటి ఎర్రగా. ఫెయిలైన క్షణానే ఇక్కడ ఎరుపు పడుతుంది. ఎరుపు పడితే గేటు లేవదు. బల్ల మీద లోపలి ఫోను. రిసీవరు తీగ మెలికలు తిరిగి ముడిపడి ఉంది. చేతిలో ఏదో ఒకటి తిప్పుతూ మాట్లాడే మనిషి.

"ఏమైనా కావాలా?"

వెనక ఒకాయన. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. డిస్పాచ్ మేనేజరు. నవ్వు ముందుగానే తయారు చేసుకుని వచ్చాడు.

"లారీ చూస్తున్నా."

"పాపం ఆ అమ్మాయి. మంచి పనిమంతురాలు. ఎలా చేసిందో ఏమో! ప్రింటు తీసిస్తుంటే నా చెయ్యే ఆడలేదు."

"చెయ్యి ఆడకపోయినా ఒక్క వరసే వచ్చేలా బాగా తీశారు."

నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం లారీ ప్లేటు మీదకి వెళ్ళి వచ్చాయి. అంత త్వరగా అక్కడికి వెళ్ళాల్సిన పని లేదు వాటికి.

"ఆ లోడు మొన్న మధ్యాహ్నం లోపు గేటు దాటాలని ఎవరికి తొందర?" అన్నాను.

"డిస్పాచ్ అంటేనే తొందరండీ." గడియారం చూసుకున్నాడు. "మీకు భోజనం వేళ అయినట్టుంది. వాళ్ళింట్లోనేగా?"

నేనెక్కడ తింటానో అతనికి నేను చెప్పలేదు.

*

ఆ ఇల్లు చిన్నది. ముందుగదిలో కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు. వంటగదికీ దానికీ మధ్య నలుగురు పట్టే బల్ల. పోయిన నెలలో చిట్టి ఆ మాట చెప్పింది ఈ బల్ల దగ్గరే.

చిట్టి అప్పటికే వచ్చి కూర్చుంది. ఆమె అన్న ఎదురుగా. బలమైన భుజాలు, ఎండకి కాలిన మెడ. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చేతిలో స్పూను, దాన్ని తిప్పుతూనే ఉన్నాడు.

"తెలిసిందా అన్నయ్యా?" ఆవిడ వంటగదిలోంచి అన్నం గిన్నె తెస్తూ అడిగింది. "ఎవరో తెలిసిందా?"

"కూర్చోండమ్మా."

"వడ్డించి కూర్చుంటా. చెప్పండి, వింటున్నా."

నేను కాటా గుమాస్తా వైపు చూశాను. "ఒక చిన్న సంగతి బాబూ. మొన్నటి లారీ నంబరు చివరి అంకె ఎంత?"

"ఒకటి," అన్నాడు వెంటనే. రోజూ నంబర్లు చూసే మనిషి, కళ్ళు మూసుకున్నా చెబుతాడు. "నలభై నాలుగు డెబ్భై ఒకటి."

చిట్టి తల ఎత్తింది.

"ఏడు అన్నావుగా అన్నయ్యా?"

స్పూను తిరగడం ఆగింది.

"ఫోనులో ఏడు అన్నావు. తప్పు పడింది, ఏడు చెయ్యి, తొందరగా సేవ్ కొట్టు అన్నావు. రాతపూర్వకంగా రాకుండా మార్చామంటే నీ మీదకొస్తుందని నేను వాళ్ళకి చెప్పలేదు..." ఆమె మాట అక్కడ చిక్కుకుంది. పొద్దున తన వేలితో తనే చేసి చూసింది కదా. ఇప్పుడు అదంతా మళ్ళీ కళ్ళముందు నడుస్తున్నట్టుంది. తెరిచిన పేజీ. ఫోను. ఒక అంకె. సేవ్.

"ఏమండీ?" అంది ఆవిడ. గిన్నె చేతిలోనే ఉంది. "ఏంటండీ ఇది?"

అతను నిలబడే ఉన్నాడు. "లారీ నంబరు దిద్దినట్టే కనబడుతుందనుకున్నా. ఒట్టు. చిట్టి పేరు పడుతుందని తెలీదు. పోయిన నెల తేమ మారినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదుగా. ఇదీ అలాగే పోతుందనుకున్నా."

"యూరియా అని తెలుసా?"

"తెలీదు. ఎరుపు ఒక్కటే కనిపిస్తుంది నాకు. ఏదో తేమ ఎక్కువైందేమో అనుకున్నా. అది మామూలే." స్పూను కంచం పక్కన పెట్టాడు. "మేనేజరు వచ్చి నెత్తి మీద నిలబడ్డాడు. ఈ లోడు మధ్యాహ్నం లోపు గేటు దాటకపోతే రేపట్నుంచి ఆ కుర్చీలో ఇంకొకడుంటాడన్నాడు. ఎరుపు పడితే గేటు లేవదు సార్ అన్నా. ఎలా లేపుతావో నీ ఇష్టం అన్నాడు. నోరు జారి ఆయనకి ఈ పాత పేజీ సంగతి చెప్పా. ఆయనే రిసీవరు తీసి నా చేతిలో పెట్టాడు."

"ఆ తర్వాత?"

"పశువుల వార్త వచ్చాక ఆయనే ప్రింటు తీశాడు. నాకు చూపించాడు. నీ చెల్లెలి పేరు పడింది, నువ్వు నోరు తెరిస్తే రెండు పేర్లవుతాయి, తెరవకపోతే ఒకటితో పోతుంది అన్నాడు."

"ఆ ఒకటి నీ చెల్లెలా?" అంది ఆవిడ. అరవలేదు. రోజూ గొడవపడే ఆ గొంతు ఎక్కడికో పోయింది. "నేను పొద్దున్నే ఊరంతా తిరిగి ఈయన్ని వెతికి తెచ్చా. మీరు చూస్తూ కూర్చున్నారు. మంచినీళ్ళు కూడా ఇచ్చారు నాకు, వెళ్ళేముందు."



బయట జీపు ఆగిన చప్పుడు. తలుపు వేసిన చప్పుడు. బూట్లు మెట్టు దాకా వచ్చి ఆగాయి. ఇంకా రెండు కాలేదు. ఇన్‌స్పెక్టర్‌కి తొందరెక్కువ.

"నేనే వస్తానని చెప్పండి," అన్నాడతను నాతో. "మొత్తం చెబుతా. మేనేజరు సంగతి కూడా. అన్నం తిన్నాక వస్తానని చెప్పండి."

గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఇన్‌స్పెక్టర్ నా మొహం చూశాడు. లోపల బల్ల చుట్టూ ఎవరెక్కడ నిలబడ్డారో కూడా చూశాడు. చెప్పులు విడిచే మెట్టు మీదే కూర్చుని పెన్ను జేబులోంచి తీశాడు, నొక్కలేదు.

నేను తిరిగొచ్చి కూర్చున్నాను.

ఆవిడ నాకు వడ్డించింది. చిట్టికి వడ్డించింది. భర్త కంచం దాకా వచ్చి, దాటేసి, గిన్నె బల్ల మధ్యలో పెట్టి తన చోట కూర్చుంది. అతని కంచం ఖాళీగా ఉంది. అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

చిట్టి గిన్నె దగ్గరికి లాక్కుంది. గరిటెతో అన్నం తీసి అన్న కంచంలో పెట్టింది. పక్కన కూర వేసింది.  నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపి తన కంచం ముందుకి వంగింది.

బల్ల మీద అతని సెల్‌ఫోను మోగడం మొదలుపెట్టింది. తెర మీద మేనేజరు అని పడింది. మోగి మోగి ఆగింది. వెంటనే మళ్ళీ మొదలైంది. ప్రతి మోతకీ నీళ్ళ గ్లాసులు సన్నగా అదిరాయి.

ఎవరూ ఎత్తలేదు. నలుగురం తలలు వంచుకుని తిన్నాం.